ఉమర్ కొడుకు, హుసేన్ మనవడు

మా అబ్బా పేరు ఉమర్. దాదా పేరు హుసేన్. ముహర్రం నెలలో పుట్టాడని ఆయనకు ఆ పేరు పెట్టారట. చిచ్చాల్లో ఒకాయన ఉస్మాన్, ఇంకొకాయన అలీ. అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూచుని తిన్నవాళ్లే. మనలో చాలా ఖాన్‌దాన్‌లు ఇట్లాగే ఉంటాయి. మన పల్లెల్లో అయితే పీర్లు ఎత్తే హిందువుల్లో కూడా హుసేనప్పలు, పీరయ్యలు, ఫకీరయ్యలు ఉంటారు. ఈ పేర్లలో ఫరఖ్ ఉందని చిన్నప్పుడు మాకెవరూ చెప్పలేదు.

ఈ పేర్ల కోసం మనిషిని చంపుతారన్న సంగతి నాకు 2006లో తెలిసింది. అప్పుడు ఒక తెలుగు పత్రికలో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి. ఏజెన్సీ నుంచి ఇంగ్లిష్‌లో వచ్చే వార్తలను తెలుగు చేయడం నా పని. ఇరాఖ్ వార్త లేని రాత్రి ఉండేది కాదు. చెక్‌పోస్టుల దగ్గర కార్డులు చూసి ఉమర్ అనే పేరున్నవాళ్లను పక్కకు తీసుకెళ్తున్నారని ఒక రాత్రి రాశాను. ఇంకో రాత్రి షియా జాయిరీన్‌ల మీద బాంబు. ఒకటి మా అబ్బా పేరు, ఇంకొకటి మా దాదా పేరు. ఆ ఒక్క ఏడాదే 34 వేలకు పైగా మామూలు జనం చచ్చిపోయారని ఐక్యరాజ్యసమితి లెక్క చెప్పింది. లెక్క తర్జుమా చేసి ఇంటికెళ్లి పడుకునేవాణ్ణి. ఆ దేశాన్ని ఒక్కసారి నా కళ్లతో చూడాలని అప్పుడే అనుకున్నాను. అది కుదరడానికి పదిహేడేళ్లు పట్టింది.

2023 ఫిబ్రవరిలో వెళ్లాను. ఒంటరిగా, పన్నెండు రోజులు. బగ్దాద్, కర్బలా, నజఫ్, సామర్రా, మోసుల్, చివరికి ఎర్బిల్.

మనవాళ్లకు ఇరాఖ్ కొత్తేమీ కాదు. హైదరాబాద్ నుంచి జియారత్ కాఫిలాలు ఏటా పోతూనే ఉంటాయి. షియా బిరాదరీ కర్బలా, నజఫ్ పోతారు. మనలో గౌస్ పాక్‌ను నమ్మేవాళ్లు బగ్దాద్ పోతారు. కాఫిలాలో వెళ్తే ఏ ఫికరూ ఉండదు. బస్సు, హోటల్, తిండి, దువా చదివే మౌలానా అన్నీ వాళ్లే చూసుకుంటారు. కానీ దర్గా నుంచి హోటల్‌కు, హోటల్ నుంచి దర్గాకు తప్ప మధ్యలో ఉండే ఊరు కనిపించదు. నాకు ఆ ఊరు కావాలి. చాయ్ అమ్మేవాడు, టాక్సీ నడిపేవాడు, పిల్లల్ని స్కూల్‌కు తోలుకెళ్లే ఆడవాళ్లు, వీళ్లంతా అన్ని ఏళ్లు ఎలా బతికారో చూడాలి.

అమ్మీ మొదట ఒప్పుకోలేదు. "వహాఁ క్యా ధరా హై రే? పోవాలంటే ఉమ్రాకు పో" అంది. చివరికి గౌస్ పాక్ పేరు చెప్పాక మెత్తబడింది. బయల్దేరే రోజు ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి నా కుడి చేతికి ఇమామ్ జామిన్ కట్టింది. క్షేమంగా చేరాక ఆ పైసలు ఎవరైనా గరీబుకు ఇవ్వాలి. మన ఇళ్లల్లో సఫర్‌కు వెళ్లేవాళ్లకు కట్టేదే. మేము సున్నీలం. జామిన్‌గా మనల్ని అప్పగించేది ఎనిమిదో ఇమాం అలీ రజాకు. ఇది మీ రివాజా, మా రివాజా అని అమ్మీ ఎప్పుడూ అడగలేదు. వాళ్ల అమ్మ కట్టేది, తనూ కడుతుంది.

బగ్దాద్‌లో కర్రాదా అనే మహల్లాలో ఒక చిన్న హోటల్‌లో దిగాను. మన అబిడ్స్ లాగా దుకాణాలు, జూస్ బండ్లు, బట్టల షాపులు. 2016 జులై 3న, రంజాన్ ఆఖరి రోజుల్లో, ఈద్ షాపింగ్‌కు వచ్చిన జనం మధ్య ఇక్కడే బాంబు పెట్టారు. 300 మందికి పైగా చచ్చిపోయారు. చాంద్‌రాత్‌కు ముందు మన మదీనా సర్కిల్‌లో ఎంత జనం ఉంటారో మీకు తెలుసు. ఇప్పుడు అదే వీధిలో రాత్రి పదకొండుకు కూడా ఆడవాళ్లు పిల్లలతో ఐస్‌క్రీమ్ తింటున్నారు. మొదటిరోజు నాకు అది వింతగా అనిపించింది. మూడో రోజుకు నేనూ ఐస్‌క్రీమ్ కొనుక్కున్నాను.

హోటల్ కౌంటర్‌లో కుర్రాడు రిజిస్టర్ తీశాడు. అక్కడ ఒక్క పేరు చెబితే సరిపోదు. నీ పేరు, తండ్రి పేరు, తాత పేరు మూడూ కలిపి చెప్పాలి. ఇస్మ్ సులాసీ అంటారు. మనకు ఇంటిపేరు ఎలాగో వాళ్లకు అది అలా. నా పేరు చెప్పాను. "తండ్రి?" ఉమర్. "తాత?" హుసేన్. కుర్రాడు రాస్తూ రాస్తూ ఆగి నవ్వాడు. వెనక గదిలోంచి ఇంకొకణ్ణి పిలిచి రిజిస్టర్ చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎందుకని అడిగితే ఫోన్‌లో టైప్ చేసి తర్జుమా చూపించాడు. "ఈ పేరుతో 2006లో వచ్చి ఉంటే నిన్ను రెండువైపులవాళ్లూ ఆపేవాళ్లు."

ఇరాఖీ గుర్తింపు కార్డు మీద సున్నీ, షియా అని రాసి ఉండదు. అయినా పేరు, ఖబీలా, పుట్టిన ఊరు చూస్తే తెలిసిపోతుంది. అందుకే ఆ రోజుల్లో చాలామంది రెండేసి కార్డులు పెట్టుకు తిరిగారు. ఒకటి అసలుది, ఇంకొకటి నకిలీది. ఏ చెక్‌పోస్టు ఎవరిదో కనిపెట్టి సరైన కార్డు బయటికి తీయాలి. చెక్‌పోస్టును వాళ్లు సైతరా అంటారు. ఈ మాట ఆ పన్నెండు రోజుల్లో నేను కొన్ని వందల సార్లు విన్నాను.

నేను ఉర్దూ మీడియంలో చదివాను. అరబీ అక్షరాలన్నీ వస్తాయి, భాష రాదు. బగ్దాద్‌లో బోర్డులన్నీ గడగడా చదివేస్తాను, సగమే అర్థమవుతాయి. కానీ మన మాటలు ఎక్కడపడితే అక్కడ తగులుతాయి. చాయ్‌ను చాయ్ అనే అంటారు. బాగుంది అనడానికి ఖోష్ అంటారు. బల్లను మేజ్ అంటారు. ఫ్యాన్‌ను పంకా అంటారు. ఒక సాయంత్రం బండి మీద సాండ్‌విచ్ కొంటే అందులో పసుపు, మెంతి వాసన. అడిగితే "అంబా" అన్నాడు. మామిడికాయ పచ్చడి! పాతకాలంలో బగ్దాద్ యూదు వ్యాపారులు బొంబాయి నుంచి ఈ రుచిని ఇంటికి తెచ్చుకున్నారట. ఆ యూదులు ఇప్పుడు అక్కడ లేరు. 1950, 51లలో లక్ష మందికి పైగా దేశం వదిలిపోయారు. పచ్చడి మాత్రం మిగిలింది.

రెండో రోజు గౌస్ పాక్ దర్గాకు వెళ్లాను. బాబ్ అల్ షేఖ్ అనే పాత మహల్లాలో ఉంది. లోపల పెద్ద సహన్, చల్లగా, ఇత్మినాన్‌గా ఉంటుంది. ఒక మూల ముసలి ఆడవాళ్లు, ఇంకో మూల పాకిస్తాన్ నుంచి వచ్చిన కాఫిలా. ఏటా మన ఇళ్లల్లో గ్యార్మీ చేసి ఫాతిహా ఇచ్చే పేరు ఇది. అక్కడ నిలబడితే నాకు స్కూల్ గుర్తుకొచ్చింది. ఉర్దూ మీడియంలో చదివిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఈ కథ తెలుసు. ఇల్మ్ కోసం బగ్దాద్ బయల్దేరిన యువకుడు, అమ్మ కోటులో కుట్టి ఇచ్చిన నలభై దీనార్లు, దారిలో దోపిడీ దొంగలు, "నా దగ్గర నలభై ఉన్నాయి" అని నిజం చెప్పిన అతడు. మాస్టారు ఆ కథను నిజాయితీ గురించి చెప్పేవారు. బగ్దాద్‌లో కూచుని ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. గౌస్ పాక్ కూడా 1095లో దారులు బాగాలేని కాలంలోనే ఈ ఊరికి వచ్చాడు. పంపిన తల్లికి దారి సంగతి తెలుసు. తెలిసే పంపింది.

2007లో ఈ దర్గా ఎదుట కూడా కారు బాంబు పేలింది. దాన్ని కూడా నేను నైట్ షిఫ్ట్‌లో తర్జుమా చేసే ఉంటాను. అప్పుడది నాకు ఒక అంకె మాత్రమే.

మూడో రోజు చూసింది ఈ సఫర్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. టిగ్రిస్ నదిని అరబీలో దిజ్లా అంటారు. దానికి ఒక ఒడ్డున ఆజమియా. అక్కడ ఇమాం అబూ హనీఫా మసీదు, మజార్ ఉన్నాయి. మనం హనఫీలం అంటామే, ఆ ఇమామే. ఎదురు ఒడ్డున కాజిమియా. అక్కడ ఏడో ఇమాం మూసా కాజిం, తొమ్మిదో ఇమాం మొహమ్మద్ తకీల రౌజా. మన దగ్గర కాజ్మీలు, తక్వీలు ఉన్నారు కదా, ఆ పేర్లు ఇక్కణ్ణించి వచ్చినవే. ఒక ఒడ్డు సున్నీ, ఒక ఒడ్డు షియా. రెండింటినీ కలిపే వంతెన పేరు జిసర్ అల్ అయిమ్మా, ఇమాముల వంతెన.

2005 ఆగస్టు 31న ఇమాం కాజిం వఫాత్ రోజు. లక్షలమంది జాయిరీన్‌లు కాజిమియాకు నడిచి వస్తున్నారు. జనంలో ఎవడో ఒంటికి బాంబు కట్టుకున్నాడని వదంతి లేచింది. తొక్కిసలాట మొదలైంది. 950 మందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. బాంబు లేదు, ఏమీ లేదు. భయం ఒక్కటే చంపింది. ఎంతోమంది నదిలో పడ్డారు. అప్పుడు ఆజమియా ఒడ్డు నుంచి సున్నీ కుర్రాళ్లు నీళ్లలో దూకారు. వాళ్లలో ఒకడు ఉస్మాన్ అలీ అల్ ఒబైదీ. ఈత బాగా వచ్చినవాడు. మునిగిపోతున్నవాళ్లను ఒక్కొక్కరినే లాగి ఒడ్డున పడేసి మళ్లీ దూకాడు. చివరిసారి దూకినవాడు తిరిగి రాలేదు. నదిలో ఉన్నవాళ్లు షియాలని అతనికి తెలుసు. అతని పేరులో మొదట ఉస్మాన్ ఉంది, తర్వాత అలీ ఉంది. రెండు ఒడ్లూ ఆ ఒక్క పేరులోనే ఉన్నాయి.

ఆ తర్వాత వంతెనను మూసేశారు. ఏ ఒడ్డువాళ్లు ఆ ఒడ్డున ఉండిపోయారు. 2008 నవంబరులో మళ్లీ తెరిచారు. నేను వెళ్లినరోజు దాని మీద కార్లు, స్కూల్ పిల్లలు, సిమెంటు లారీ. అస్ర్ నమాజ్ అబూ హనీఫా మసీదులో చదివి, నడుచుకుంటూ వంతెన దాటి, మగ్రిబ్‌కు కాజిమియా చేరాను. రెండు సార్లు తనిఖీ చేశారు. ఫోన్ బయట అప్పగించి లోపలికి వెళ్లాలి. లోపల అద్దాల పని, దీపాలు, ఏడుస్తున్న మనుషులు. అప్పుడు నా చేతికున్న ఇమామ్ జామిన్ గుర్తొచ్చింది. అమ్మీ నన్ను ఎవరికి జామిన్ ఇచ్చి పంపిందో, ఆ ఇమాం రజా తండ్రీ కొడుకూ పడుకున్న చోటు ఇదే. బయటికొచ్చి గుడ్డ విప్పాను. కాగితం పూలు అమ్ముతున్న ఒక పిల్లకు కొన్ని దీనార్లు, వాటితోపాటు ఆ రూపాయి బిళ్ల ఇచ్చాను. దీనార్లు సంచిలో వేసుకుని, బిళ్లను మాత్రం చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

రాత్రి అమ్మీకి ఫోన్ చేసి చెప్పాను. అట్లాగా, మంచిదే కదా అంది. తర్వాత ఏం తిన్నావని అడిగింది.

జుమా రోజు ముతనబ్బీ వీధికి వెళ్లాను. పదో శతాబ్దపు మహాకవి పేరున్న పుస్తకాల బజారు. మన కోఠీలో ఆదివారం పుస్తకాలు పరిచినట్టు నేల మీద, బండ్ల మీద పుస్తకాలు. 2007 మార్చి 5న ఇక్కడ కారు బాంబు పెట్టారు. కనీసం 26 మంది పోయారు. వీధి చివర షాబందర్ అనే చాయ్‌ఖానా ఉంది. 1917 నుంచి నడుస్తోంది. దాన్ని నడిపే హాజీ మొహమ్మద్ అల్ ఖషాలీకి ఆ ఒక్క రోజున నలుగురు కొడుకులు, ఒక మనవడు పోయారు. ఆయన చాయ్‌ఖానాను మళ్లీ కట్టి మళ్లీ తెరిచాడు. గోడ మీద పిల్లల ఫోటోలు ఉన్నాయి. ఇస్తికాన్ అనే చిన్న గాజు గ్లాసులో నల్ల చాయ్ తాగాను. ఫోటోల గురించి నేనేమీ అడగలేదు. చుట్టూ జనం గట్టిగట్టిగా రాజకీయాలు, కవిత్వం మాట్లాడుకుంటున్నారు. అడగడానికి వచ్చినవాళ్లు ఆయన దగ్గరికి రోజుకు ఎంతమంది వస్తారో. నేను జర్నలిస్టునే గాని అక్కడ మెహమాన్‌ను. చాయ్ డబ్బులు ఇవ్వబోతే పక్కన కూచున్న ఎవరో పెద్దాయన ఇవ్వనీయలేదు. "అలా హ్సాబీ" అన్నాడు. నా హిసాబ్‌లో అని. ఆ మాటకు నాకు తర్జుమా అక్కర్లేకపోయింది.

అంతా బాగుందని చెప్పడం లేదు. బగ్దాద్ తహరీర్ మైదానంలో 2019 అక్టోబరు నుంచి నెలల తరబడి కుర్రాళ్లు కూచున్నారు. పని కావాలి, కరెంటు కావాలి, దేశం కావాలి అన్నారు. మాకు మీ షియా వాటా, సున్నీ వాటా వద్దు, ఇరాఖీలుగా చూడండి అన్నారు. దేశమంతా కలిపి దాదాపు 600 మందిని చంపారు. అంబులెన్సులు రాలేకపోయిన చోటికి ఆటోలు వెళ్లి గాయపడ్డవాళ్లను మోశాయి. అక్కడ వాటిని తుక్‌తుక్ అంటారు. వాటిల్లో చాలా భాగం మన దేశంలో తయారైన బజాజ్ ఆటోలే. బగ్దాద్‌లో గరీబు మహల్లాల కుర్రాళ్లు నడుపుతారు. ఒక ఆటో ఎక్కి నేను హిందీ అని చెబితే డ్రైవర్ హ్యాండిల్ మీద చెయ్యి వేసి చూపించి, "ఇదీ హిందీయే" అన్నాడు.

బగ్దాద్ నుంచి మిగతా ఊళ్లకు షేర్ టాక్సీల్లో తిరిగాను. గరాజ్ అని ఉంటుంది, మన బస్టాండ్ లాంటిదే. డ్రైవర్లు ఊరి పేరు అరుస్తుంటారు. కారు నిండగానే బయల్దేరుతుంది. సామర్రా వెళ్లేటప్పుడు నా పక్క సీటు ఖాళీగా ఉంటే దాని డబ్బులు కూడా నేనే ఇచ్చి బయల్దేరదీశాను. డ్రైవర్‌కు యాభై ఏళ్లు ఉంటాయి. సైతరా దగ్గర సైనికుడు పాస్‌పోర్ట్ తీసుకుని వెనక పేజీలో తండ్రి పేరు చదివి, డ్రైవర్‌తో ఏదో అని నవ్వి ఇచ్చేశాడు. కారు కదిలాక డ్రైవర్ తన పేరు కూడా ఉమరే అన్నాడు. 2006లో జేబులో ఉమర్ కార్డు, చెప్పులో అలీ కార్డు పెట్టుకుని ఇదే రోడ్డు మీద నడిపాడట. "ఆ రోజుల్లో ఈ సీట్లో మేమిద్దరం కూచునేవాళ్లం" అన్నాడు. అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సామర్రాలో పదో ఇమాం అలీ నకీ, పదకొండో ఇమాం హసన్ అస్కరీల రౌజా ఉంది. మన నక్వీల పేరు ఇక్కడిది. ఊరు సున్నీలది. తరాలుగా ఆ షియా రౌజా ఖిద్మత్ చేసింది కూడా ఊళ్లోని సున్నీలే. 2006 ఫిబ్రవరి 22న దాని బంగారు గుంబద్‌ను పేల్చేశారు. నేను నైట్ షిఫ్ట్‌లో రాసిన చావులన్నీ ఆ రోజు తర్వాత వరదలాగా వచ్చినవే. గుంబద్ ఇప్పుడు మళ్లీ మెరుస్తోంది. దాని చుట్టూ పాత బజారులో చాలా షట్టర్లు మూసే ఉన్నాయి. గుంబద్ కట్టినంత తొందరగా బజారు కట్టడం కుదరదని వాటిని చూస్తే తెలిసింది.

అక్కణ్ణించి ఉత్తరానికి, మోసుల్‌కు. 2014 జూన్‌లో దాయిష్ అంటే ఐసిస్ ఆ ఊరిని పట్టుకుంది. 2017 జులై దాకా వదల్లేదు. పట్టుకున్న కొత్తలో ఈసాయీల ఇళ్ల గోడల మీద ఒక అక్షరం రాశారు. నూన్. నస్రానీ అనే మాటలో మొదటి అక్షరం. షియాల ఇళ్ల మీద రే రాశారు. ఊరు వదలండి, లేదా అని దాని అర్థం. సింజార్‌లోని యజీదీలకు అక్షరం రాసేపాటి గడువు కూడా ఇవ్వలేదు. నూన్ నాకు ఒకటో క్లాసులో ఉస్తాద్ చెయ్యి పట్టి దిద్దించిన అక్షరం. గిన్నె లాగా రాసి లోపల చుక్క పెట్టాలి. పాత మోసుల్‌లో కూలిన గోడల మధ్య తిరుగుతుంటే నా కళ్లు ఆ చుక్క కోసమే వెతికాయి. ఎక్కడా కనిపించలేదు. రంగు వేసేశారో, గోడలే పడిపోయాయో.

మోసుల్ దగ్గర బదూష్‌లోనే మన దేశపు కార్మికులు 39 మందిని చంపి పూడ్చారు. ఎక్కువమంది పంజాబ్ పిల్లలు. 2014లో కనిపించకుండా పోతే, 2018 మార్చి దాకా వాళ్ల ఇళ్లల్లో రోటీ తీసి పెడుతూనే ఉన్నారు. అదే ఇరాఖ్‌కు మన నిజామాబాద్, జగిత్యాల పిల్లలు ఇప్పటికీ ఏజెంట్లకు లక్షలు కట్టి విజిట్ వీసా మీద వెళ్తున్నారు. ఎర్బిల్‌లో ఒక హోటల్ వెనక అలాంటి ఇద్దరు గిన్నెలు కడుగుతూ కనిపించారు. తెలుగు వినగానే ఒకతను "అన్నా, మనోళ్లా?" అన్నాడు. పేరు అడగలేదు, నేనూ చెప్పలేదు. ముగ్గురం అరగంటసేపు మాట్లాడుకున్నాం.

మోసుల్‌లో నూరీ మసీదును 2017 జూన్‌లో దాయిష్ వాళ్లే పేల్చేశారు. 12వ శతాబ్దంలో నూరుద్దీన్ జంగీ కట్టించినది. దాని మినార్ ఒక పక్కకు వంగి ఉండేది కాబట్టి అల్ హద్బా, గూనిది అని పిలిచేవాళ్లు. నేను వెళ్లినప్పుడు యునెస్కో ఆధ్వర్యంలో పని జరుగుతోంది. పాత ఇటుకలు, రాళ్లు ఏరి పేర్చి పెట్టారు. ఇదే పథకంలో దగ్గర్లోని చర్చీలనూ మళ్లీ కడుతున్నారు. చర్చి పనిలో ముస్లిం కుర్రాళ్లు రాళ్లు చెక్కుతున్నారు. 2025లో మసీదు, మినార్ తెరిచారు. మినార్‌ను పాత వంపుతో సహా కట్టారు.

మీలో ఎవరైనా ఇలా వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు. ముందు మన విదేశాంగ శాఖ సలహా చదవండి, వెళ్లొద్దంటే ఆగండి. అక్కడి పరిస్థితి నెలకొకలా ఉంటుంది, నేను చూసింది 2023 ఫిబ్రవరి మాత్రమే. పాస్‌పోర్ట్ నకళ్లు నాలుగైదు పెట్టుకోండి. డాలర్లు కొత్త నోట్లే తీసుకోండి, మడతలు ఉంటే తీసుకోరు. సైనికులను, చెక్‌పోస్టులను ఫోటో తీయకండి. ఊరు దాటే ప్రయాణం పగలే చేయండి. రోజుకు రెండుసార్లు ఇంటికి లొకేషన్ పంపండి, అమ్మీలకు నిద్ర పడుతుంది. ఇక ఎవరినీ నువ్వు సున్నీయా, షియానా అని అడగొద్దు. వాళ్లు మిమ్మల్ని అడిగితే ముస్లిం, హిందుస్తానీ అనండి. పన్నెండు రోజుల్లో నన్ను అలా అడిగినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరినీ పక్కనున్నవాళ్లు మందలించారు. ఆ ప్రశ్న ఎక్కడి దాకా తీసుకెళ్తుందో ఆ దేశంలో అందరికీ తెలుసు.

మనకు తెలుసా అన్నదే నా ఫికర్. హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు వెతుకుతున్నప్పుడు నా పేరు వినగానే, నిన్ననే ఎవరికో ఇచ్చేశామన్న ఓనర్లు ఉన్నారు. మీలో చాలామందికి ఇది మామూలే. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో తినుబండారాల దుకాణాల ముందు ఓనర్ల పేర్లు పెట్టమన్నారు. సుప్రీంకోర్టు ఆపింది. అప్పుడు మనమంతా బాధపడ్డాం, వాట్సాప్‌లో రాసుకున్నాం. బాధపడటం హక్కే. కానీ మా మహల్లాలో ఒక మసీదు గేటు పక్కన బోర్డు ఉంది. ఫలానా మస్లక్ వాళ్లు ఇక్కడ నమాజ్‌కు రావద్దని ఉర్దూలో రాసి ఉంటుంది. చదవడం వచ్చినవాళ్లకే అర్థమయ్యే బోర్డు. ఏళ్లుగా దాని పక్కనుంచే చెప్పులు విప్పి లోపలికి పోతున్నాం. మన పేరు అడిగి మనల్ని పక్కన పెడితే జుల్మ్ అంటాం. మనం ఇంకొకడి మస్లక్ అడిగి పక్కన పెడితే దాన్ని దీన్ అంటాం. బగ్దాద్‌లో ఆ వంతెనను మూసిన రోజు కూడా రెండు ఒడ్ల మీదా మసీదులే ఉన్నాయి.

తిరిగొచ్చాక మొదటి జుమా రోజునే కమిటీ సదర్ సాబ్‌ను కలిశాను. నాకన్నా చాలా పెద్దాయన, అబ్బాకు దోస్త్. "మీరు బుజుర్గులు, మీరు చెబితే వింటారు, ఆ బోర్డు తీయించండి" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడు తీస్తే ఫిత్నా అవుతుంది బేటా" అన్నారు. పెట్టినప్పుడు కాలేదా అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. జమాత్ టైమ్ అవుతోందని లోపలికి వెళ్లారు.

బోర్డు ఇంకా ఉంది. నెలకొకసారైనా సదర్ సాబ్‌ను అడుగుతూనే ఉన్నాను. ఈమధ్య నాతోపాటు ఇంకో ముగ్గురు అడుగుతున్నారు. మీ మహల్లాలో కూడా అలాంటిది ఉంటే, సలాం చెప్పి, మర్యాదగా, మీరూ అడగండి.